చెరువు కట్ట మీది నల్ల జంతువు, మీ తాతగారి శివంగి

మీ ప్రశ్న నాలుగు రోజుల క్రితమే చదివాను. జవాబు ఆలస్యమైంది నా బద్ధకం వల్ల కాదు. ఆ తూము రాయిని కొలిచి చెప్పమని మిమ్మల్ని అడిగాను కదా, ఆ కొలత నిన్న రాత్రి అందింది. కొత్తగా చదివేవారి కోసం సంగతి క్లుప్తంగా చెబుతాను. ప్రశ్న అడిగినవారిది నెల్లూరు జిల్లా సీతారామపురం మండలంలో వెలిగొండల పాదాన ఒక ఊరు. ఒక సాయంత్రం చీకటి పడే వేళ చెరువు కట్ట మీద నల్లగా, పొడుగు తోకతో ఒక జంతువు వెళ్తుంటే వీరు ఫోనులో పదకొండు సెకన్ల వీడియో తీశారు. మూడో రోజు రాత్రి ఊరి చివరి దొడ్డిలో మేకపోతు మాయమైంది. తెల్లారాక కానుగ చెట్టు కింద సగం తిన్న కళేబరం దొరికింది. ఊళ్ళో కుర్రాళ్ళు నల్ల చిరుత అంటున్నారు. ఎనభై నాలుగేళ్ళ తాతగారేమో "చిరుతా కాదు, పులీ కాదు, అది శివంగి" అని తేల్చేశారు. వీరు ఇంగ్లండు, ఆఫ్రికా, మెక్సికోల్లో కనబడ్డాయనే వింత పులుల కథలన్నీ చదివి, సైన్సుకు అందని పెద్ద పిల్లి జాతి ఏదైనా మన కొండల్లో మిగిలి ఉందా అని అడుగుతున్నారు.

నేను అటవీ శాఖలో ముప్ఫై ఒక్క ఏళ్ళు పనిచేసి రిటైరైనవాణ్ణి. గిద్దలూరు, మార్కాపురం వైపు సగం ఉద్యోగం, ఉదయగిరి, రాపూరు వైపు మిగతా సగం. ఇలాంటి ఫిర్యాదుల మీద ఎన్ని ఊళ్ళు తిరిగానో లెక్క లేదు. ముందుగా తీర్పు చెప్పేస్తాను, తర్వాత తీరిగ్గా మాట్లాడుకుందాం. వీడియోలో ఉన్నది పిల్లి. మామూలు ఇంటి పిల్లి. మేకపోతును చంపింది వేరే జంతువు, దాన్ని మీ ఊళ్ళో ఎవరూ చూడలేదు. తాతగారు చెప్పే శివంగి ఈ రెండిట్లో ఏదీ కాదు. అలాగని ఆయన మాట కొట్టిపారేసేదీ కాదు, అసలు ఈ జవాబంతా రాయడానికి నన్ను కూర్చోబెట్టింది ఆ ఒక్క మాటే.

వీడియో సంగతి చూద్దాం. ఆరో సెకను దగ్గర ఆపండి. జంతువు సరిగ్గా తూము రాయిని రాసుకుంటూ పోతోంది. మీరు కొలిచిన ప్రకారం నేల పైన రాయి ఎత్తు రెండు అడుగులు, అంటే 61 సెంటీమీటర్లు. జంతువు భుజం ఆ రాయికి సగం కూడా రాలేదు. ఎంత ఉదారంగా లెక్క వేసినా 28 సెంటీమీటర్లు దాటదు. ఎదిగిన చిరుత అయితే దాని వీపు రాయి పై అంచుకు అటూ ఇటూగా ఉండాలి. మీ కళ్ళకు అది కుక్క కన్నా పెద్దగా కనిపించిందన్నారు, నేను నమ్ముతాను. మసక వెలుతురులో, పక్కన పోల్చుకునేందుకు ఏదీ లేని చోట, కన్ను దూరాన్ని తప్పుగా అంచనా వేస్తుంది. ఇరవై గజాల్లో ఉన్నదాన్ని అరవై గజాల్లో ఉందనుకుంటే జంతువు మూడింతలవుతుంది. ఇందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదు. ఉద్యోగంలో చేరిన రెండో ఏట దిగువమెట్ట దగ్గర ఒక బండ మీద చిరుత కూర్చుందని నేను పరుగున వెళ్ళి రేంజరుకు చెప్పాను. పొద్దున్నే ఆయన నన్ను వెంటబెట్టుకుని అదే బండ దగ్గరికి తీసుకెళ్ళి ఇసుకలో అడుగులు చూపించాడు. నా మూడు వేళ్ళు కప్పితే మూసుకుపోయేంత అడుగు. అడవిపిల్లి. ఆ తర్వాత ఆరు నెలలు ఆ ఆఫీసులో నా పేరు "చిరుత" అయిపోయింది.

ఈ రాయి కొలిచే ఉపాయం నా సొంతం కాదు. మీరు రాసిన ఇంగ్లండు మృగం దగ్గరే ఈ పని చేశారు. ఆ దేశపు నైరుతి కొసన కార్న్‌వాల్‌లో బోడ్మిన్ మూర్ అనే బీడు ప్రాంతం ఉంది. అక్కడ నల్ల పులి లాంటిదేదో గొర్రెలను చంపుతోందని ఏళ్ళ తరబడి గోల జరిగితే, 1995లో అక్కడి వ్యవసాయ మంత్రిత్వ శాఖ విచారణ చేయించింది. జనం తీసిన ఫొటోలు, వీడియోలు పట్టుకుని అధికారులు అవే గోడల దగ్గరికి, అవే గేట్ల దగ్గరికి వెళ్ళి కొలకర్ర నిలబెట్టారు. గేటు స్తంభం మీద కూర్చున్న భయంకర మృగం భుజం ఎత్తు ఒక అడుగు తేలింది. పెద్ద పిల్లి ఉందనడానికి నికరమైన ఆధారం లేదు, అలాగని లేదని నిరూపించడమూ సాధ్యం కాదు అని నివేదిక ఇచ్చారు. తమాషా ఏమిటంటే, నివేదిక వచ్చిన కొద్ది రోజులకే అక్కడి ఫోవీ నదిలో ఒక పిల్లవాడికి పుర్రె దొరికింది. లండన్ నాచురల్ హిస్టరీ మ్యూజియం వారు చూసి నిజంగానే చిరుత పుర్రె అన్నారు. ఊరంతా సంబరం. కానీ అదే వారు ఇంకో రెండు విషయాలు కూడా చెప్పారు. పుర్రె వెనక భాగం నున్నగా కోసి ఉంది, లోపల ఉష్ణ దేశపు బొద్దింక గుడ్ల సంచి ఒకటి ఇరుక్కుని ఉంది. అంటే తలతో సహా తివాచీగా చేసిన చిరుత తోలు నుంచి ఊడి వచ్చిన పుర్రె అది. ఎవరో నదిలో పడేశారు.

ఇంగ్లండు కథలన్నీ ఇలా పిల్లి దగ్గరే ముగియవు. అక్కడ 1976లో ప్రమాదకరమైన అడవి జంతువులను పెంచుకోవాలంటే లైసెన్సు ఉండాలని చట్టం తెచ్చారు. అంతకుముందు డబ్బున్నవారు ప్యూమాలను (అమెరికా ఖండాల పెద్ద పిల్లి), చిరుతలను సరదాకు పెంచుకునేవారు. చట్టం రాగానే కొందరు వాటిని రాత్రికి రాత్రి అడవిలో వదిలేశారు. 1980లో స్కాట్లండులో కానిక్ అనే ఊరి దగ్గర ఒక రైతు బోను పెట్టి నిజంగానే ప్యూమాను పట్టాడు. అది బాగా ఒళ్ళు చేసి, మనుషులకు మచ్చికై ఉంది. దానికి ఫెలిసిటీ అని పేరు పెట్టి జంతు ఉద్యానంలో ఉంచారు, చనిపోయాక ఇన్వర్నెస్ మ్యూజియంలో బొమ్మగా నిలబెట్టారు. మెక్సికోలో ఓన్జా అని చెప్పుకునే వింత పిల్లి కథ ఇంకా చిన్నది. 1986లో అక్కడి సినలోవా రాష్ట్రంలో ఒకదాన్ని కాల్చారు, పరీక్షలు చేస్తే సన్నపాటి ప్యూమా. అంతే.

అయితే కొలకర్ర పట్టుకున్నవాళ్ళదే ఎప్పుడూ గెలుపు అనుకోకండి. ఊరివాళ్ళు గెలిచిన కేసులు రెండు చెబుతాను. ఇప్పటి జింబాబ్వేలో జనం "న్సుయిఫిసి" అనే జంతువు గురించి చెప్పుకునేవారు. చిరుతకూ దుమ్ములగొండికీ (హైనా) పుట్టినదని ఆ పేరుకు అర్థం. తెల్లదొరలు నవ్వేవారు. 1926లో దాని తోలు ఒకటి చేతికి వచ్చింది. చీతాయే (చిరుత కాదు, బయలు నేలల్లో వేటాడే వేరే పిల్లి), కానీ చుక్కలు ఉండవలసిన చోట సిరా ఒలికినట్టు పెద్ద పెద్ద మచ్చలు, వీపు పొడవునా నల్లని చారలు. మరుసటి ఏడాది పోకాక్ అనే బ్రిటిష్ జంతు శాస్త్రవేత్త దాన్ని ఏకంగా కొత్త జాతిగా ప్రకటించి రాజ చీతా అన్నాడు. తర్వాత ఆయనే వెనక్కి తగ్గాడు. 1981లో దక్షిణాఫ్రికాలోని ద విల్ట్ చీతా కేంద్రంలో మామూలు చుక్కల తల్లికి రాజ చీతా పిల్ల పుట్టడంతో అది వేరే జాతి కాదని తేలింది. 2012లో కారణమైన జన్యువు కూడా దొరికింది, టాక్పెప్ అంటారు. మన పెరటి పిల్లుల్లో కొన్నిటికి సన్న చారలు, కొన్నిటికి సుడులు తిరిగిన మచ్చలు ఉంటాయి చూడండి, ఆ తేడాకు కారణం కూడా ఈ జన్యువే.

రెండోది మనకు దగ్గరలోనే, ఒడిశా సిమిలిపాల్ అడవుల్లో. అక్కడ నల్ల పులులు ఉన్నాయని గిరిజనులు ఎంత చెప్పినా పెద్దవాళ్ళు తలూపి ఊరుకునేవారు. 1993లో ఒక పల్లె కుర్రవాడు ప్రాణరక్షణ కోసం బాణం వేస్తే చచ్చిన ఆడపులి నల్లదని తేలింది. తర్వాత కెమెరాలకూ చిక్కాయి. పూర్తి నలుపు కాదు, చారలు వెడల్పై ఒకదానితో ఒకటి కలిసిపోయి మధ్యలో పసుపు సందు మిగలదు. 2021లో బెంగళూరు శాస్త్రవేత్తలు ఆ పులుల రక్తమూ మలమూ పరీక్షించి చూస్తే మళ్ళీ అదే టాక్పెప్. రాజ చీతాను చేసిన జన్యువే నల్ల పులినీ చేసింది. సిమిలిపాల్ బయట అడవిలో అలాంటి పులి ఎక్కడా లేదు. జూలలో అయితే నందన్‌కానన్‌లోనూ, మనకు పక్కనే చెన్నై వండలూరులోనూ కనిపించింది. ఈ రెండు కథల్లోనూ జనం చూసింది నిజం, దానికి చెప్పుకున్న పుట్టుక మాత్రం తప్పు. కొత్త జాతి కాదు, పాత జాతికే కొత్త చొక్కా.

నల్ల చిరుత సంగతి కూడా అలాంటిదే. అది వేరే జంతువు కాదు. తల్లి నుంచీ తండ్రి నుంచీ ఒకే రకం జన్యువు అందితే చిరుత నల్లగా పుడుతుంది. ఏటవాలు ఎండలో చూస్తే ఆ నలుపు కింద మచ్చలు కనబడుతూనే ఉంటాయి. మలేషియా ద్వీపకల్పంలో చిరుతలు దాదాపు అన్నీ నల్లవే. మన దేశంలో కబిని లాంటి పడమటి కనుమల అడవుల్లో కనిపిస్తాయి. తేమ అడవుల్లో ఎక్కువ, మనలాంటి ఎండు కొండల్లో అరుదు. అసాధ్యమని నేను అనను. కానీ మీ కట్ట మీద నడిచినది మాత్రం అది కాదు.

మరి నల్లమలలో, వెలిగొండల్లో శాస్త్రానికి తెలియని పెద్ద పిల్లి దాక్కుని ఉండవచ్చా? నేను ఉద్యోగంలో చేరిన రోజుల్లో మీరు ఈ ప్రశ్న అడిగి ఉంటే కొంచెం తటపటాయించేవాణ్ణి. అప్పట్లో పులుల లెక్క అంటే గాజు పలక మీద అడుగు గీయడం, ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పోసి అచ్చు తీయడం. ఒకే పులిని నలుగురు నాలుగు పులులుగా రాసేవారు. 2005లో రాజస్థాన్‌లోని సరిస్కా అభయారణ్యంలో పులులే మిగల్లేదని బయటపడ్డాక ఆ పద్ధతి పోయి కెమెరాలు వచ్చాయి. కాలిబాటకు రెండు వైపులా, మోకాలి ఎత్తున చెట్టుకు కట్టిన పెట్టెలు. జంతువు మధ్యలోకి రాగానే రెండు పక్కలా ఒకేసారి ఫొటో పడుతుంది. 2018 లెక్కింపులో దేశం మొత్తం మీద 26,838 చోట్ల కెమెరాలు పెట్టారు. 3 కోట్ల 48 లక్షలకు పైగా ఫొటోలు వచ్చాయి. వాటిలో పులులవి 76,651, చిరుతలవి 51,777. మిగతావన్నీ జింకలు, పందులు, పశువులు, కట్టెలకు వెళ్ళిన ఆడవాళ్ళు, కెమెరా ముందు మీసం దువ్వుకున్న మా వాచర్లు. అంత రాశిలో పేరు లేని పెద్ద పిల్లి ఒక్కటీ దొరకలేదు. పైగా నాగార్జునసాగర్-శ్రీశైలం అభయారణ్యం దేశంలోని పులుల అభయారణ్యాల్లో చిరుతలు అన్నిటికన్నా ఎక్కువ ఉన్నచోటు. చిరుతంత జంతువు బతకాలంటే వారానికో వేట కావాలి. జాతి నిలవాలంటే ఒకటి రెండు చాలవు, పదుల్లో ఉండాలి. అన్నేసి జంతువులు పెంట వేయకుండా, ఎముకలు వదలకుండా, రోడ్డు మీద లారీ కింద పడకుండా వందేళ్ళు గడపలేవు.

ఇంగ్లండు వాళ్ళకు లేని పులిని చూడాలని తహతహ. మనకేమో ఉన్న పులిని ఇంకేదో అనుకోవాలని సరదా. ఇక్కడికి వచ్చాం కాబట్టి మేకపోతు సంగతి.

మీరు నాలుగు ఫొటోలు పంపారు. పక్కన అగ్గిపెట్టె పెట్టి తీశారు, ఎవరు నేర్పారో గాని మంచి పని చేశారు. మొదటి మూడింటిలో ఉన్నవి కుక్క అడుగులు. నాలుగు వేళ్ళ ముందు నాలుగు గోళ్ళ గుంటలు స్పష్టంగా ఉన్నాయి. పులి జాతి నడిచేటప్పుడు గోళ్ళు లోపలికి ముడుచుకుంటుంది, మట్టిలో పడవు. దాంతో "కుక్కలే" అని చెప్పేసి ఊరుకోబోయాను. కళేబరం ఫొటో చూశాక ఆగాను. గొంతు కింద రెండు వైపులా లోతుగా కోర గాట్లు. పొట్ట, పక్కటెముకలు తినేసి ఉన్నాయి, తొడలు చిందరవందరగా చీలి ఉన్నాయి. కుక్కల గుంపు గొంతు పట్టి ఊపిరాడకుండా చంపదు, వెనక కాళ్ళు, పొట్ట పట్టి పీకుతుంది. గొంతు ఒకరి పని, తొడలు ఇంకొకరి పని. దొడ్డి నుంచి చెట్టు దాకా ఈడ్చిన జాడ ఒక్కటే గీతగా ఉందని మీరే రాశారు. అప్పుడు నాలుగో ఫొటోను పెద్దది చేసి చూశాను. నీళ్ళ తొట్టి పక్కన, ఫొటో కుడి మూలలో, మీరు గమనించని అడుగు ఒకటి ఉంది. గుండ్రంగా, గోళ్ళు లేకుండా, మడమ కింది అంచు మూడు భాగాలుగా విడి ఉంది. వెడల్పు అగ్గిపెట్టెకు ఒకటిన్నర రెట్లు. అగ్గిపెట్టె ఐదు సెంటీమీటర్లనుకుంటే ఏడున్నర. చిరుత. పెద్దపులి అయితే మీ అరచెయ్యి పరిచినా చాలదు. చిరుత రాత్రి వచ్చి చంపి, కడుపు నింపుకుని కొండెక్కింది. తెల్లవారుజామున ఊరకుక్కలు మిగిలింది పంచుకున్నాయి. మీరు చూసింది చిరుత కాదు, చిరుతనేమో మీరు చూడలేదు.

దీని మీద చేయవలసిన పనులు పెద్దవేమీ కావు. చిరుత చంపిన పశువుకు నష్టపరిహారం ఉంటుంది. ఈసారి ఇలా జరిగితే కళేబరాన్ని కదల్చకుండా అదే రోజు రేంజ్ ఆఫీసుకు ఫోను చేయండి. పశువైద్యుడు, మా శాఖవాళ్ళు వచ్చి పంచనామా చేయాలి, అది లేకపోతే కాగితం ముందుకు కదలదు. దొడ్డికి పక్కలు మాత్రమే కాదు, పైన కూడా ముళ్ళకంపో తీగ వలో వేయండి. ఐదడుగుల కంచె చిరుతకు లెక్కలోది కాదు. ఎవరైనా మిగిలిన మాంసంలో ఎండ్రిన్ కలుపుదామంటే గట్టిగా ఆపండి. అది జైలుకు పోయే నేరం, పైగా ముందు చచ్చేది మీ ఊరి కుక్కలే.

ఇక శివంగి.

ఈ మాట మనం రోజూ వింటాం. సినిమాల్లో ధైర్యవంతురాలైన ఆడపిల్లను ఆడసింహం అనే అర్థంలో శివంగి అంటారు. నర్మదకు ఇవతల సింహం తిరిగిన దాఖలాలే లేవు. మన జిల్లాకు తెలిసిన సింహం పెంచలకోనలో వెలసిన నరసింహస్వామి ఒక్కడే. మరి సింహం లేని నేల మీద ఈ మాట ఎవరి కోసం పుట్టింది? తమిళంలో సివింగి అంటే చీతా. కన్నడంలో చీతాను శివంగి అంటారని నూటయాభై ఏళ్ళ క్రితమే జెర్డన్ దొర అనే బ్రిటిష్ వైద్యుడు, జంతు శాస్త్రవేత్త రాసి పెట్టాడు. తెలుగులో మాత్రం ఒకరు దుమ్ములగొండి అంటారు, ఒకరు చీతా అంటారు, ఒకరు సింహం అంటారు. అంటే పేరు మిగిలింది, దాని జంతువు తప్పిపోయింది. ఇంకో చిక్కు కూడా ఉంది. మనవాళ్ళు పులిని రెండుగా విడదీసుకున్నారు. పెద్దది పెద్దపులి, చిన్నది చిరుతపులి. చిరుత అంటే చిన్నది అనే. హిందీ చీతా వేరే మాట, చిత్రవర్ణం ఉన్నదని అర్థం. చెవికి రెండూ ఒకేలా వినిపించడంతో కలగాపులగమైంది. 2022 సెప్టెంబరులో నమీబియా నుంచి ఎనిమిది చీతాలను మధ్యప్రదేశ్‌లోని కూనో అడవికి తెస్తే మన టీవీల్లో సగం మంది "చిరుతలు వచ్చాయి" అన్నారు. చిరుతలు ఎక్కడికి పోయాయి రావడానికి?

ఇరవై ఏళ్ళ క్రితం నాటి ఒక రాత్రి చెబుతాను. రాపూరు అవతల కొండ కింద గొర్రెల మంద దగ్గర ఒక ముసలి కాపరితో కూర్చున్నాను. మాటల్లో శివంగి ప్రస్తావన వచ్చింది. తాను చూడలేదు, వాళ్ళ నాయన చూశాడట. ఎలా ఉండేది అని అడిగితే నోటితో చెప్పలేదు. నెగడు పక్కన బూడిదను అరచేత్తో సాపు చేశాడు. బొటనవేలి మొదలు గుచ్చి మడమ చేశాడు. దాని ముందు నాలుగు వేళ్ళు ఒత్తాడు. ఒక్క క్షణం ఆగి, చిటికెన వేలి గోటితో ఆ నాలుగింటి ముందూ నాలుగు చుక్కలు పొడిచాడు. "కుక్క కాలు, పులి ఒళ్ళు" అన్నాడు. నాకు ఒళ్ళు ఝల్లుమంది. పెద్ద పిల్లుల్లో చీతా ఒక్కటే గోళ్ళు పూర్తిగా ముడవలేదు. దాని అడుగులో గోళ్ళు పడతాయి. పుస్తకం ముట్టని మనిషి, తండ్రి నోట విన్న మాటతో, బూడిదలో చీతా కాలు గీశాడని నేను ఏళ్ళ తరబడి అందరికీ చెప్పుకుని తిరిగాను.

తర్వాత ఒకరోజు మార్కాపురం వైపు దుమ్ములగొండి అడుగు చూస్తూ ఉంటే చల్లబడ్డాను. దానికీ గోళ్ళు పడతాయి. దాని ఒంటి మీదా పులి లాంటి చారలు ఉంటాయి. కుక్క కాలు, పులి ఒళ్ళు. కాపరి గీసిన బొమ్మ రెండింటికీ సరిపోతుంది. ఆ ముసలాయన అప్పటికే లేడు, మళ్ళీ అడగడానికి.

చీతా మన వైపు ఉండేదా అంటే, ఉండటానికి అన్ని హంగులూ ఉన్నాయి. అది కొండ జంతువు కాదు. జింకలు మేసే బయలు నేలల జంతువు. జెర్డన్ 1840లలో నెల్లూరులోనే సివిల్ సర్జన్. రోగులను చూస్తూనే, యానాదుల సాయంతో ఇక్కడి జంతుజాలాన్ని పరిశీలించాడు. ఆయన నెల్లూరు బంగళాలో ఒక చిన్న అడవిపిల్లి పిల్లను పెంచాడు. తుప్పు రంగు మచ్చల పిల్లి అది, ప్రపంచంలోని అడవి పిల్లుల్లో అతి చిన్నది, ఎదిగినా కిలో, కిలోన్నర. ఇంటి దూలాల మీద ఉడతలను వేటాడేదట. ఎనిమిది నెలల వయసులో దాన్ని ఒక గదిలోకి వదిలితే అక్కడున్న చిన్న జింక పిల్ల మీదికి ఎగిరి మెడ పట్టుకుంది, విడిపించడం కష్టమైందని రాశాడు. దానికి "నమలి పిల్లి" అన్న పేరు ఎవరో చెబితే రాసుకున్నాడు. నుదుటి గీతలను బట్టి నామాల పిల్లో, లేక నెమలి పిల్లో నాకు తేలలేదు. ఇప్పుడు ఆ పేరు చెబితే మన జిల్లాలో గుర్తుపట్టేవారు లేరు. చెరువు లోపలి ఎండు గడ్డిలో, పొలాల తూముల్లో ఆ జంతువు మాత్రం ఉంది. దాని పిల్లలనూ, అడవిపిల్లి పిల్లలనూ "చిరుత పిల్లలు దొరికాయి" అని బుట్టలో పెట్టి మా ఆఫీసుకు తెచ్చినవారు చాలామంది. శివంగి విషయంలో పేరు ఉండి జంతువు లేదు, ఈ పిల్లి విషయంలో జంతువు ఉండి పేరు లేదు. నా అనుభవంలో వింత మృగాల కథల్లో ఎక్కువ భాగం ఈ రెండు గుంటల్లో ఏదో ఒకదాన్నుంచి లేచినవే.

జెర్డన్ ఇంట్లో ఉన్న ఆ జింక పిల్ల చింకారా జాతిది. జింకలున్న చోట చీతాకు తిండి ఉన్నట్టే. దేశంలో చివరి మూడు చీతాలను 1947 ప్రాంతంలో ఇప్పటి ఛత్తీస్‌గఢ్‌లోని కొరియా సంస్థానంలో అక్కడి రాజు కాల్చాడని చెబుతారు. 1952లో అంతరించిందని ప్రకటించారు. అదే 1952లో బొంబాయి నాచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో చిత్తూరు జిల్లాలో చీతా కనిపించిందని ఒక చిన్న నోట్ అచ్చయింది. చిత్తూరు మనకు ఎంత దూరం? మీ తాతగారికి అప్పటికి పది పన్నెండేళ్ళు.

కొలకర్రకు లొంగని మాటలను పూర్తిగా పారేయకూడదని నాకు నేర్పింది కూడా ఈ కొండలే. కలివికోడిని జెర్డన్ ఈ ప్రాంతంలోనే కనుక్కున్నాడు. 1900 తర్వాత అది ఎవరికీ కనబడలేదు, అంతరించిందన్నారు. కడప పల్లెల్లో మాత్రం కలివి పొదల్లో తిరిగే కోడి అని ఆ పేరు వాడుకలో ఉంది. 1986 జనవరిలో రెడ్డిపల్లె దగ్గర ఒక స్థానిక వేటగాడు రాత్రి టార్చి వెలుగులో దాన్ని పట్టి చూపించాడు. జానెడు పిట్ట పొదల్లో ఎనభై ఆరేళ్ళు దాక్కోగలదు. చీతా బయలు నేలలో దాక్కోలేదు, ఇప్పుడు లేదు. కానీ ఒకప్పుడు ఉందా అన్నదానికి సాక్ష్యం చెప్పగలవారు మీ తాతగారి తరంతో అయిపోతారు.

అందుకని మీతో చిన్న పని ఉంది. వీడియో సంగతి మానేసి తాతగారి దగ్గర కూర్చోండి. చిరుత, చీతా అన్న మాటలు మీ నోటి నుంచి రానివ్వకండి, ఫొటోలు చూపించకండి. శివంగిని ఆయన చూశారా, విన్నారా అని మొదట అడగండి. వీపు మీద జూలు ఉండేదా? వెనక భాగం కిందికి జారినట్టు ఉండేదా? ఉంటే దుమ్ములగొండి, అక్కడితో సరి. నడుము సన్నమా? కళ్ళ దగ్గర నుంచి నోటి దాకా నల్ల గీత ఉండేదా? పగలు తిరిగేదా, రాత్రా? కొండలో ఉండేదా, బయలులో జింకల వెంట పడేదా? ఎలా అరిచేది? పిట్ట కిచకిచలాడినట్టు అంటే మాత్రం వెంటనే నాకు రాయండి. ఆయన చెప్పిన మాటలు చెప్పినట్టే రాసుకోండి, మీరు దిద్దవద్దు. కాగితం, పెన్ను ఇస్తే ఆయన గీయకపోవచ్చు. కాస్త బూడిద పరిచి చూడండి.